ఒకరిని వదులుకోవచ్చునా?



సంఘ పెద్ద అయి ఉండి టీవీ సీరియల్ గూర్చి వ్రాస్తున్నాడేమిటని మీలో కొందరు నవ్వుకోవచ్చు. నవ్వినా ఫరవాలేదు, చివరిదాకా చదవమని మనవి.

1980లలో దూరదర్శన్‌లో ఆదివారం ఉదయం 'స్టార్ ట్రెక్' అనే ఇంగ్లీషు సీరియల్ వచ్చేది. మేము టీచర్ ట్రైనింగ్ ముగించుకొని రైల్వే కాలనీ బడిలో క్రొత్తగా చేరిన రోజులవి. కాలనీ మొత్తానికి రెండో మూడో టీవీలు. ఒక పొరుగువారి ముందు గదిలో చాపమీద కూర్చొని, అంతరిక్షంలో తిరిగే ఆ ఓడను కళ్లార్పకుండా చూచేవాళ్లము. దానివలన ఆరాధనకు ఆలస్యంగా వెళ్లి అమ్మచేత చీవాట్లు తిన్న ఆదివారాలు కూడా ఉన్నవి.

మొన్న వేసవి సెలవుల్లో మా మనవడు ఆ సీరియల్‌ను తన ల్యాప్‌టాప్‌లో చూపించాడు. జీన్ రాడన్‌బెరీ రూపొందించిన ఈ సీరియల్ అమెరికాలో 1966 సెప్టెంబరు 8న మొదలై 1969లో ఆగిపోయింది. మొత్తం 79 భాగాలు. అట్టముక్కలవంటి గోడలు, ఊరికే వెలిగి ఆరే రంగు బల్బులు చూచి వాడు పకపక నవ్వాడు. మాకు మాత్రం పాత స్నేహితులు ఇంటికి వచ్చినట్లుండెను. అప్పుడు తెలియని సంగతులు కొన్ని ఇప్పుడు తెలిసినవి. స్పాక్ చేయి ఎత్తి వ్రేళ్లను రెండేసిగా విడదీసే సైగ ఉన్నది గదా! ఆ వేషం వేసిన లెనార్డ్ నిమోయ్ యూదుడు. చిన్నతనంలో సమాజమందిరంలో యాజకులు దీవెన పలుకుతూ చేతులు అలా ఎత్తడం చూచి, దానినే తీసుకొన్నాడు. అది సంఖ్యాకాండము 6వ అధ్యాయములోని దీవెనే. మన పాస్టరుగారు ఆరాధన చివర పలికేదీ అదే.

అయితే ఒక భాగం మమ్ములను నవ్వుకోనివ్వలేదు. దాని పేరు 'ది సిటీ ఆన్ ది ఎడ్జ్ ఆఫ్ ఫరెవర్'. 1967 ఏప్రిల్ 6న ప్రసారమైనది. పొరపాటున మందు ఎక్కువై మతి చెదిరిన డాక్టర్ మెకాయ్ కాలంలో వెనుకకు పోతాడు. దానితో చరిత్ర తారుమారైపోతుంది. అతనిని వెదుకుతూ కెప్టెన్ కిర్క్, స్పాక్ 1930 నాటి న్యూయార్కు చేరుతారు. పనులు లేక జనం అల్లాడే కాలం. అక్కడ ఎడిత్ కీలర్ అనే స్త్రీ ఒక మిషన్ నడుపుతూ బీదలకు సూపు, కాఫీ ఇస్తుంటుంది. కిర్క్ ఆమెను ప్రేమిస్తాడు. కాని స్పాక్ తన యంత్రం ద్వారా ఒక సంగతి కనిపెడతాడు. ఆమె బ్రతికితే పెద్ద శాంతి ఉద్యమం నడుపుతుంది. అందువలన అమెరికా యుద్ధంలోనికి రావడం ఆలస్యమై, జర్మనీ ముందుగా అణుబాంబు చేసి గెలుస్తుంది. కాబట్టి ఆమె చనిపోవాలి. వీధి దాటుతున్న ఆమె మీదికి లారీ వస్తుంది. రక్షించబోయిన డాక్టరును కిర్క్ గట్టిగా పట్టుకొని ఆపివేస్తాడు.

ఇరవై యేండ్ల ప్రాయంలో ఇది చూచి, త్యాగమంటే ఇది గదా అనుకొన్నాము. కోట్లమంది కొరకు ఒక్కరు. లెక్క సరిపోయింది.

ఈసారి అది చూచి ముగించగానే మనవడు, "తాతా, ఆమెను తమతోపాటు తీసుకొనిపోవచ్చు గదా?" అన్నాడు. మావద్ద జవాబు లేదు. నిజమే. ఆమె ఆ కాలంలో ఉండకూడదు, అంతే గదా! కిర్క్ గాని స్పాక్ గాని ఆ మాటే ఎత్తలేదు. చావా, ప్రపంచ నాశనమా అనే రెండు దారులే చూచారు. ఇన్నేండ్లూ మేమూ అంతే చూచాము.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. కారణం సీరియల్ కాదు. చాలా ఏండ్ల క్రితం మేము కమిటీలో ఉండగా ఒక నిధి లెక్కలో కొంత సొమ్ము తక్కువ కనబడెను. తాళపుచెవులు ఉంచుకొనే ఒక యువకునిమీద అనుమానం పడెను. ఋజువు లేదు. విచారణ సాగిస్తే రెండు వర్గాలై సంఘం చీలుతుందని అందరూ భయపడ్డారు. ఒక్క మనిషి పోతే పోయెను, సమాధానం నిలుస్తుందని ఒకరన్నారు. మేమును చేయి ఎత్తాము. అతడు భార్యాబిడ్డలతో ఊరు విడిచి వెళ్లెను. రెండేండ్ల తరువాత ఆ సొమ్ము వేరొక పుస్తకంలో జమ అయి ఉన్నట్లు తెలిసెను. ఉత్తరం వ్రాశాము. చిరునామాదారు లేడని తిరిగి వచ్చెను.

ఒకడు ప్రజలకొరకు చనిపోవుట మేలని మొదట లెక్క కట్టినవాడు ఎవరో బైబిలు చదివే మీకు చెప్పనక్కరలేదు. కయప కూడా జనులను కాపాడుచున్నాననే అనుకొన్నాడు.

కిర్క్‌కు జరగబోయేది చూపించే యంత్రమైనా ఉండెను. కయపకు లేదు, మాకు లేదు. సంఘం చీలుతుందని మాకెవరు చెప్పారు? మా భయమే చెప్పింది. ఇంకొక సాయంత్రం కూర్చొని పుస్తకాలన్నీ తిరగవేసియుంటే చాలును. ఆ మూడవ దారి మాకు కనబడకపోలేదు, మేమే వెదకలేదు. మరొక మాట. కిర్క్ డాక్టరును పట్టుకొని కళ్లు మూసుకొని కృంగిపోతాడు, గెలిచానని చెప్పుకోడు. మేము మాత్రం ముగింపు ప్రార్థన చేసి, టీ త్రాగి, ఇండ్లకు వెళ్లాము.

ఆ భాగం ప్రసారానికి రెండు రోజుల ముందే, 1967 ఏప్రిల్ 4న, న్యూయార్కులోని రివర్‌సైడ్ చర్చిలో మార్టిన్ లూథర్ కింగ్ వియత్నాం యుద్ధానికి విరోధంగా ప్రసంగించారు. ఆయన మన బాప్టిస్టు పాస్టరే. శాంతి మాటకు ఇది సమయం కాదని స్వంత స్నేహితులే ఆయనను తప్పు పట్టారు. సరిగ్గా ఏడాదికి ఆయనను కాల్చి చంపారు. ఇదే సీరియల్‌లో ఉహూరా పాత్ర వేసిన నిషెల్ నికోల్స్ మానివేద్దామనుకొన్నప్పుడు, నల్లవారికి అటువంటి గౌరవమైన పాత్ర అవసరమని ఆమెను ఆపినదీ ఆయనే అని ఆమె చెప్పేది. ఒక్కరు ఉంటే ఏమి, పోతే ఏమి అని ఆయన అనలేదు.

మరి త్యాగమే తప్పా? కాదు. 1982లో వచ్చిన 'ది ర్యాత్ ఆఫ్ ఖాన్' సినిమాలో ఓడను కాపాడుటకు స్పాక్ రేడియేషన్ నిండిన గదిలోనికి తానే వెళ్లి చనిపోతాడు. అక్కడా అనేకుల కొరకు ఒక్కరే. కాని ఆ ఒక్కరు తానే. ఎడిత్‌ను ఎవరూ అడగలేదు. మేమూ ఆ యువకుని అడగలేదు.

కాబట్టి కమిటీల్లో కూర్చొనే మనము ఇకముందు చేయి ఎత్తకముందు కొంచెము ఆగుదము. పోవలసినవాడు నేనైతే ఇదే లెక్క చెప్పుదునా? అతని మాట విన్నామా? మరో దారి వెదికామా? కిర్క్ చేసినది తప్పో ఒప్పో మేము ఇప్పటికీ తేల్చలేకపోయాము. మేము చేసినది మాత్రం తప్పే. ఆ సహోదరుడు ఎక్కడైనా ఈ పత్రిక చూచియుంటే, ఇది అతనికి మేము వ్రాసిన రెండవ ఉత్తరమని గ్రహించవలెనని కోరుచున్నాము.