కారిన చోటు – కారణమున్న చోటు



మా యిల్లు మంగంపేటలోని పాతకాలపు మిద్దె. ముగ్గురాయి గనులవలన ఈ యూరు లోకమునకు తెలిసినది. నీటికంటె దాదాపు నాలుగున్నర రెట్లు బరువైన ఆ రాతిని పొడిచేసి, చమురు బావులు త్రవ్వునప్పుడు లోపలి ఒత్తిడి పైకి ఎగదన్నకుండ బురదలో కలిపి వాడుదురు. భూగర్భపు ఒత్తిడినే అణచు రాయి పుట్టిన యూరిలో, నా యింటి కప్పు చెంబెడు వాననీటిని ఆపలేకపోయినది. ఆ చిన్న సంగతి నన్నొక పెద్ద ప్రశ్న యెదుట నిలిపినది: తెలియక చేసిన అన్యాయమునకు మనము బాధ్యులమా, కామా?

2021 నవంబరులో వానలు ఎడతెగక కురిసినవి. ఆ నెల 19వ తేదీన చెయ్యేటిపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, దిగువ పల్లెలు నీట మునిగిన దినములవి. అంతటి ఆపద ముందు మా యింటి చెమ్మ లెక్కింపదగినది కాదు. ఐనను పూజగది గోడపై మరక కనబడగానే నా మనస్సు ఒక మనిషిని వెదకుకొన్నది. ఆ వేసవిలోనే ఆ గోడకు పూతపని చేసిన బేల్దారికి కూలిలో కొంత ఇంకను ఇవ్వవలసియుండెను. నీ పని చెడినదని ఆ సొమ్ము నిలిపితిని. "సామీ, నీళ్లు నా గోడలో పుట్టలేదు. పైన యాడో దూరినాయి, చూడండి" అని అతడు చెప్పెను. నేను మిద్దె ఎక్కలేదు.

మన సీమలో ఏడాదిలో అధికభాగము ఎండయే. ఎండలో ప్రతి కప్పును మంచి కప్పే. గోడ ఆరినది, దానితోపాటు నా విచారమును ఆరినది. మరుసటి యేడు వానలకు మరక మరల అక్కడనే తేలినది.

ఈసారి దగ్గరకు పోయి చూచితిని. మరక గోధుమవన్నెలో నుండి, పాత పొగవాసన కొట్టుచుండెను. వట్టి సున్నపు గోడలో ఊరిన నీటికి ఆ వాసన రాదు. అప్పుడు వంటింటి పొగగూడు జ్ఞప్తికి వచ్చినది. గ్యాసు పొయ్యి వచ్చిన పిదప దాని క్రింద నిప్పు రాజుకొనలేదు. దానివైపు ఎవరును కన్నెత్తి చూడలేదు. ఒక ఎండరోజున మిద్దె ఎక్కి, పల్లపు వైపునుండి మొదలుపెట్టి, ఒక్కొక్క చోట బిందెతో నీళ్లు పోసి అరగంట చొప్పున వేచితిమి. చూరు దగ్గర పోసినను గోడ తడియలేదు. పొగగూటి మొదట పోసినను తడియలేదు. తుదకు పగిలిన దాని నోటిపై పోయగా, కొంతసేపటికి పూజగదిలో గోడ చెమ్మగిల్లినది. నీరు లోపలి మసిని కరగించుకొని, దూలమును పట్టుకొని నాలుగు మూరలు నడిచి, ఏమియు ఎరుగని గోడమీద దిగుచుండెను.

నీరు దూరిన చోట కనబడదు. కనబడిన చోట దూరదు. మన కోపతాపములును అంతియే. అంగడిలో కలిగిన అవమానము ఇంటిలో బిడ్డపై దిగును. విడిచిపెట్టితిమనుకొన్న పాత పగ, నిప్పు లేని పొగగూడువలె, వాడుకలో లేకున్నను నోరు తెరచుకొనియే యుండును.

ఇక మొదటి ప్రశ్న. నాకు తెలియలేదు, నిజమే. కాని తెలియకపోవుట వేరు, తెలిసికొనకుండుట వేరు. మిద్దె ఎక్కకుండుటలో నాకు లాభమున్నది. కూలి సొమ్ము నా పెట్టెలో నుండెను. లాభము తెచ్చు అజ్ఞానమును అమాయకత్వమనరాదు. సందేహము తీరని వేళ దాని బరువును సందేహించినవాడు మోయవలెను గాని, చెమటోడ్చినవానిపై మోపరాదు.

కాయకమే కైలాసమని నమ్మిన శరణుల మార్గము మనది. పండ్రెండవ శతాబ్దిలో కల్యాణమున బసవేశ్వరుని కాలపు శరణురాలు ఆయ్దక్కి లక్కమ్మ, భర్త మారయ్య నాటి అవసరమునకు మించి తెచ్చిన బియ్యమును తిరిగి అక్కడనే పోసిరమ్మని పంపినది. ఆమె తనది కాని గింజను ఇంట ఉంచలేదు. నేను ఒకని కాయకపు ఫలమును ఇంట నుంచుకొని, అతడు పూసిన గోడ ప్రక్కనే కూర్చుండి ఏడాదికి పైగా లింగపూజ చేసితిని. దేహమే దేవాలయమన్న బోధను నమ్మువాడు ఆ ఆలయపు కప్పునుగూడ పరీక్షించుకొనవలదా?

అతని యింటికి పోయి మిగిలిన కూలి చెల్లించి, తప్పు ఒప్పుకొంటిని. అతడు సొమ్ము లెక్కించుకొని, ఆ ఏడాది ఆ డబ్బు లేక పడిన ఇబ్బందిని దాచక చెప్పెను. వినుట నా వంతైనది. మరునాడు అతడే వచ్చి పొగగూటి నోటిపై నాలుగు మూలల ఇటుకలు నిలిపి, పైన కడప బండ పరచెను. పూర్తిగా మూయుమని నేననగా, "గాలి ఆడకపోతే లోపలే చెమ్మ పుడుతుంది సామీ" అనెను.

ఆ తరువాత గోడ కారలేదు. పాత మరకపై మాత్రము నేను సున్నము వేయింపలేదు. పూజకు కూర్చుండునప్పుడెల్ల అది నా కెదురుగా నుండును.