పాత చుట్ట, కొత్త చుట్ట

మన విందుల్లో భోజనాలయ్యాక కొందరు వరండాలోకి వెళ్ళి సిగార్లు వెలిగిస్తారు. వారి మధ్య ఎడతెగని వాదం ఒకటుంది. పదేళ్ళు నిలవున్న సిగార్లు ఎక్కువ డబ్బిచ్చి కొనుక్కోవడం మేలా, కొత్త పెట్టె కొని ఇంట్లోనే మాగబెట్టుకోవడం మేలా? మొదట రుచి సంగతిగానే ఉంటుంది. కాసేపటికి నీతి సంగతి అవుతుంది: తాను కాచుకొన్నవాడు గొప్పవాడు, కొన్నవాడు అడ్డదారిన వచ్చాడు అని.

పాత బియ్యం విషయంలో మనమెవరమూ ఇలా అనుకోము. గాదెలో మనమే ఏడాది ఉంచినా, కొట్లో పాతవి కొన్నా, పిల్లల కంచంలో పడేది పొడిపొడిగా ఉండే అన్నమే. మరి చుట్ట దగ్గర ఈ పట్టింపెందుకు?

కారణం లేకపోలేదు. పొగాకును కుప్పలు పోసి పులియబెట్టినప్పుడు అమోనియా ఘాటు చాలావరకు పోతుంది. మిగిలినది చెక్క పెట్టెలో, 65 నుంచి 70 శాతం తేమలో, ఏళ్ళ తరబడి మెల్లగా పోతుంది. గది వేడెక్కితే ఆకులో దాగిన గుడ్లు పొదిగి, పురుగు చుట్టకు చిల్లులు పెడుతుంది. క్యూబా పెట్టె అడుగున తయారైన నెల, సంవత్సరం ముద్ర ఉంటుంది గాని, ఆ తరువాత అది ఏ అటకమీద ఎండిందో ఉండదు. పాత చుట్ట కొనేవాడు ముక్కూ మొహం తెలియని మనిషి శ్రద్ధను నమ్మి కొంటున్నాడన్నమాట. అదేమీ చిన్నతనం కాదు. మేము వ్రాసిచ్చే మందు సీసా మీద తేదీని మీరూ అలాగే నమ్ముతున్నారు.

దాచుకొనేవాడికి ఒకటి అదనంగా దక్కుతుంది. ఏటా ఒకటి కాల్చి చూస్తే ఘాటు ఎలా తగ్గిందో, ఏ ఏడు దాటాక రుచి కూడా చప్పబడిందో అతనికి తెలుస్తుంది. ఇది కొంటే రాదు. కాని అతను పందెం కాసేది తన ఆయుర్దాయాన్ని. 1962లో క్యూబా సరుకును నిషేధించే ముందు కెనెడీ తన కోసం 1,200 సిగార్లు తెప్పించుకొన్నాడని ఆయన పత్రికా కార్యదర్శి సాలింజర్ తరువాత వ్రాశాడు. మాగబెట్టడానికి కాదు, ఇక దొరకవని. మరుసటి ఏడే కెనెడీ లేడు.

వైద్యులమైన మాకు ఇంకో ఇబ్బంది ఉంది. ఆకును ఆరబెట్టి పులియబెట్టేటప్పుడు రుచితోపాటు క్యాన్సర్ తెచ్చే నైట్రోసమైన్లు కూడా పుడతాయి. ఎన్నేళ్ళు దాచినా చుట్ట నిరపాయకరం కాదు. పెద్ద సిగార్ ఒక్కదానిలో సిగరెట్ పెట్టెడు పొగాకు ఉండవచ్చు. పొగ మింగకపోయినా నోటికీ గొంతుకూ ముప్పు తప్పదు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల్లో నిప్పు వైపు నోట్లో పెట్టుకొని అడ్డపొగ కాల్చే స్త్రీలకు అంగిట్లో వచ్చే పుండ్లూ, క్యాన్సర్లూ మన వైద్యశాస్త్రానికి బాగా తెలిసినవే. ఆ చుట్టలకు ఏ ముద్రా లేదు, వాటి వయసు గురించి ఎవరూ వాదించుకోలేదు.

కనుక మమ్మల్ని అడిగితే, ఓర్పు లేనివాడని పేరుపడిన ఆ కొనేవాడినే కాస్త సమర్థిస్తాం. ధర ఎక్కువ గనుక ఏ పెళ్ళికో ఒకటి కొని, కాల్చి, ఊరుకొంటాడు. ఇంట్లో పాతిక చుట్టల పెట్టె ఉన్నవాడు మాత్రం మాగాయో లేదో చూద్దామని నెలకోసారి మూత తీస్తూనే ఉంటాడు.