ప్రమాదము - అప్రమాదము



తెలుగువారు నిత్యము వాడే మాటలలో ప్రమాదము ఒకటి. బండి బోల్తాపడితే ప్రమాదమంటాము, కొట్టు కాలిపోతే ప్రమాదమంటాము. బయటినుండి వచ్చి మీద పడిన ఆపద అని మన భావము. జైనశాస్త్రములో ఈ మాటకు అర్థము వేరు. ఏమరుపాటు, తెలిసియుండికూడ పట్టించుకొనకపోవుట ప్రమాదము. ఉమాస్వాతి ఆచార్యులు తత్త్వార్థసూత్రములో కర్మబంధమునకు ఐదు కారణములు చెప్పి, మిథ్యాత్వము, అవిరతి, కషాయము, యోగములతోపాటు ప్రమాదమును కూడ చేర్చినారు. ఈ రెండు అర్థములు ఒకే ఉదయమున చెన్నపట్నములో ఎదురుపడినవి.

అది 2004 డిసెంబరు 26, ఆదివారము, పౌర్ణమి. నెల్లూరునుండో, ఒంగోలునుండో, కడపనుండో చదువుకొరకు వచ్చి చెన్నపట్నములో అద్దెగదిలో ఉండే ఒక శ్రావకుల బిడ్డను మనసులో నిలుపుకొనండి. మూడవ అంతస్తు గది. ఉదయము ఆరున్నర దాటినది. మంచము ఊగినది. ఎవరో కదిలించినారనుకొని కళ్లు తెరిస్తే గదిలో ఎవరూ లేరు. తిరగని ఫ్యాను ఊగుతున్నది, బిందెలో నీళ్లు తొణుకుతున్నవి. ఇంటిలో ఉంటే "నాన్నా!" అని కేక వేసియుండును. ఇక్కడ ఎవరిని పిలుచును? చెప్పులుకూడ వేసికొనక మెట్లు దిగి వీధిలో నిలుచున్నాడు. వీధినిండా జనము, ఒక్క ముఖమూ తెలిసినది కాదు. నవకారమంత్రము తనంతట తానే నోటికి వచ్చినది. అశరణభావన గురించి చిన్ననాడు ఎన్నిసార్లు వల్లించినా తెలియనిది అప్పుడు తెలిసినది. తండ్రి పంపే డబ్బు, తల్లి కట్టియిచ్చిన పచ్చడి సీసా, కాలేజీ మార్కులు, కాలికింద నేల కదిలినప్పుడు ఏదీ పట్టుకొని నిలుచుటకు పనికిరాదు.

తరువాత ఏమైనది? నేల నిలిచినది. టీకొట్టు తెరిచినారు. మాటలు, నవ్వులు. వీధిచివర ఎస్.టి.డి. కొట్టునుండి ఇంటికి ఒక్క మాట: "అమ్మా, భూమి అదిరింది, నాకేమీ కాలేదు." పావుగంటలో భయము దిగిపోయినది. ఆదివారము కదా, క్రికెట్టు బ్యాటు పట్టుకొని మెరీనాకు పోయేవారు పోయినారు.

క్షణమైనను ఏమరవద్దని మహావీరస్వామి గౌతమస్వామి అంతటి శిష్యునికి బోధించినట్లు ఉత్తరాధ్యయనసూత్రము పదవ అధ్యయనమున ఉన్నది. అంతటివానికి ఎందుకు చెప్పవలసివచ్చినది? భయమున్నంతసేపు ఎవరైనా మేలుకొనియే యుందురు. అది దిగిన తరువాతనే పరీక్ష.

ఆ భూకంపము పుట్టినది చెన్నపట్నమునకు సుమారు 2,000 కిలోమీటర్ల దూరమున, సుమత్రా తీరము దగ్గర, సముద్రగర్భమున. మన కాలమానమున 6.29 గంటలు. తీవ్రత 9.1. నేల అదురు కొద్ది నిమిషములలో ఇక్కడికి చేరినది. అంత దూరము వచ్చేసరికి మెల్లగా ఊపే అదురే మిగులును గనుక మేడలమీద ఉన్నవారికి ఎక్కువగా తెలిసినది. సముద్రపు అల విమానమంత వేగముతో బయలుదేరినా నేల అదురుకంటె ఎంతో నెమ్మది. అది తొమ్మిదిగంటల ప్రాంతమున తీరమును తాకినది. నడుమ రెండుగంటలకు పైగా వ్యవధి! చెన్నపట్నములో 200 మందికి పైగా, తమిళనాడు మొత్తము మీద సుమారు 8,000 మంది పోయినారు. ఆంధ్రతీరమునను నూరుమందికి పైగా పోయినారు. పౌర్ణమి స్నానమునకు దిగినవారు అందులో ఉన్నారు.

పోయినవారిదే ఏమరుపాటు అనుట పాపము. శ్రీనివాసపురము జాలరికి సునామీ అనే మాటయే తెలియదు. సముద్రుడు ఆగ్రహించి శిక్షించినాడని ఆనాడు కొందరన్నారు. శిక్షించే దేవుడు జైనధర్మములో లేడు. పసిబిడ్డ శవము ముందు నిలిచి ఆ తల్లికి కర్మసిద్ధాంతము వినిపించేవాడు ధర్మము తెలిసినవాడు కాడు. మరి ఏమరుపాటు ఎక్కడ? పసిఫిక్ మహాసముద్రమునకు హెచ్చరిక కేంద్రము 1949లోనే ఏర్పడినది. హిందూమహాసముద్రమునకు 55 ఏండ్లు గడిచినా లేకపోయినది. విద్య ఉన్నది, ఇక్కడికి తెచ్చుకొనలేదు. చిట్టాలో వ్రాసి ఆవర్జాకు ఎక్కించని పద్దువంటిది. వర్తకులకు ఆ నష్టము వేరే చెప్పనక్కరలేదు.

అంతకు నాలుగేండ్ల క్రిందట, 2001 జనవరి 26న, గుజరాతులో భుజ్ భూకంపము వచ్చినప్పుడు కచ్ఛ్ నుండి వచ్చి చెన్నపట్నములో చదువుకొనే పిల్లలకు ఈ బాధయే తిరగబడినది. తాము క్షేమము, ఇల్లు నిలిచినదో లేదో తెలియదు. భద్రేశ్వరతీర్థములోని ప్రాచీన జినాలయము ఆనాడే బాగా దెబ్బతిన్నది. ఇంటినుండి కబురు వచ్చేదాకా ఆ పిల్లలు గడిపిన గంటలు ఏ తపస్సుకు తక్కువ?

సునామీ తరువాత, 2007లో, హైదరాబాదులో హెచ్చరిక కేంద్రము ఏర్పడినది. 2012 ఏప్రిల్ 11, బుధవారము, మధ్యాహ్నము రెండు దాటినాక సుమత్రా దగ్గర మరల భూమి అదిరినది, 8.6 తీవ్రతతో. చెన్నపట్నములో కాలేజీలనుండి, ఆఫీసులనుండి జనము వీధిలోకి వచ్చినారు. ఈసారి హెచ్చరిక వచ్చినది. పోలీసులు మెరీనా ఖాళీ చేయించినారు. రెండుగంటల తరువాత 8.2 తీవ్రతతో ఇంకొకటి. పెద్ద అల మాత్రము రాలేదు. సాయంత్రము హెచ్చరిక తీసివేసినారు.

ఊరకే బెదరగొట్టినారని సణిగినవారు లేకపోలేదు. సామాయికములో 48 నిమిషములు కూర్చుండి లేచినవానిని "నీకేమి గిట్టింది?" అని అడిగినట్లున్నది ఆ మాట.

ఆ సాయంత్రమును పరాయి ఊరిలోని పిల్లలు ఇంటికి ఫోను చేసియుందురు. "అమ్మా, నాకేమీ కాలేదు" అనియే చెప్పియుందురు. సముద్రము వైపు పోలేదనికూడ చెప్పియుందురు.