చద్దిమూటది ఏ గుణం?

రావులపాలెం అరటి మార్కెట్‌కు గెలలు పొద్దు పొడవకముందే బయల్దేరతాయి. లంకల్లో కోసిన కర్పూరం, చక్కెరకేళి, అమృతపాణి, కూర అరటి సైకిళ్ళకు వేలాడుతూ, ఆటోల్లో, ట్రాక్టర్లలో యార్డుకు చేరతాయి. అక్కడ లారీలకెక్కి ఒడిశా, బెంగాల్, బీహార్ దాకా వెళ్తాయి. గెల కోసేవాళ్ళయినా, మోసేవాళ్ళయినా, లారీకెత్తేవాళ్ళయినా ఇంట్లో పొయ్యి వెలిగే వేళదాకా ఆగలేరు. ఇలాంటి కష్టజీవుల కోసం గోదావరి జిల్లాల్లో తరతరాలుగా ఉన్న తిండి చద్దన్నం. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళో మజ్జిగో పోసి ఉంచుతారు. పొద్దున్నే ఉప్పు కలిపి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుంటారు. ఊరగాయ బద్ద ఉంటే ఆ పూట విందే. పైసా ఖర్చు లేదు, పొయ్యి దగ్గర నిలబడే పని లేదు.

ఈ తిండికి ధర్మంలో చోటు ఎక్కడ? ప్రశ్న తేలికైనది కాదు. భగవద్గీత పదిహేడో అధ్యాయం ఆహారాన్ని మూడు గుణాలుగా విడదీసింది. వండి జాము దాటినది, సారం పోయినది, వాసన కొట్టేది, రాత్రి గడిచినది, ఎంగిలిది తామసులకు ఇష్టమని పదో శ్లోకం చెబుతుంది. పైపైన చదివితే చద్దన్నం తినేవాడు తామసుడన్నమాట. డబ్బున్నవాడు వేడివేడిగా నేతితో తిని సాత్త్వికుడవుతాడు, లేనివాడు రాత్రి అన్నం తిని తమోగుణం మూటగట్టుకుంటాడు. గీత చెప్పదలచింది ఇదేనా?

కాదనడానికి మొదటి సాక్షి ఆ గీత చెప్పిన కృష్ణుడే. పోతన భాగవతం దశమ స్కంధంలో కృష్ణుడు గోపబాలురతో కలిసి లేగదూడల్ని తోలుకుపోయి, అడవిలో నీటి ఒడ్డున కూర్చుని చద్దులు ఆరగిస్తాడు. తెలుగువాళ్ళు అత్యంత ప్రేమగా తలుచుకునే ఘట్టాల్లో అదొకటి. దేవుడు పశులకాపరుల చద్దిమూట విప్పుకుని తింటుంటే తమోగుణం గుర్తొచ్చిన తెలుగు పాఠకుడు లేడు. ఆశ్వయుజ బహుళ తదియనాడు అట్లతద్ది నోచే ఆడపిల్లలు తెల్లవారకముందే లేచి చద్దన్నమే తింటారు. నోము మొదలయ్యేది దానితోనే. రావులపాలెం అరటిగెలలు వెళ్ళే ఒడిశాలో, పూరీ జగన్నాథుడి నైవేద్యాల్లో పఖాళ ఉంది. అదీ నీళ్ళలో నాననిచ్చిన అన్నమే.

గీతను మళ్ళీ నెమ్మదిగా చదివితే చిక్కు విడిపోతుంది. ఆ శ్లోకాలు మాట్లాడేది మనిషి ఇష్టాన్ని గురించి. ఏ స్వభావంవాడు దేన్ని కోరి తింటాడో చెబుతున్నాయి. తాజా తిండి అందుబాటులో ఉండగా బద్ధకంతో కుళ్ళినదాన్ని వెతుక్కునేవాడి మాట అది. ఉన్నదాన్ని పారెయ్యకుండా నీళ్ళలో ముంచి, మజ్జిగ చుక్క వేసి, పొద్దుటికి పులిసేలా కాపాడుకున్న తిండికి, పట్టించుకోక పాడుచేసిన తిండికి చాలా తేడా ఉంది. మొదటిదాని వెనక ఒక మనిషి శ్రద్ధ ఉంది. ఆహార నియమాల్లో అంత గట్టిగా ఉండే మనుస్మృతి కూడా పులిసినవి కూడదంటూనే పెరుగును, పెరుగుతో చేసినవాటిని మినహాయించింది. నెయ్యో నూనో కలిసిన పదార్థం రాత్రి గడిచినా తినవచ్చంది. నియమం పెట్టినవాళ్ళకు వంటిల్లు తెలుసు.

ఇంతకన్నా లోతైన సమాధానం ఛాందోగ్యోపనిషత్తు మొదటి అధ్యాయంలో దొరుకుతుంది. కురుదేశంలో పంటలు దెబ్బతిని కరువొచ్చింది. ఉషస్తి చాక్రాయణుడనే పండితుడు భార్య ఆటికితో కలిసి ఏనుగుల వాళ్ళుండే ఊరికి చేరాడు. ఒక మావటివాడు నాసిరకం మినుములు తింటూ కనిపిస్తే చెయ్యి చాచాడు. తన విస్తట్లో ఉన్నవి తప్ప వేరే లేవన్నాడు మావటి. అవే పెట్టమన్నాడు ఉషస్తి. తిన్నాక మావటి తాగే నీళ్ళివ్వబోతే, ఎంగిలి నీళ్ళు తాగనన్నాడు. మినుములు ఎంగిలి కావా అని మావటి అడిగాడు. అవి తినకపోతే బతికేవాణ్ణి కాదు, నీళ్ళు నాకు కావలసినచోట దొరుకుతాయని ఉషస్తి జవాబు.

కథ అక్కడితో ఆగలేదు. మిగిలినవి భార్యకు తీసుకెళ్ళి ఇచ్చాడు. ఆమెకు అప్పటికే భిక్ష దొరకడంతో వాటిని దాచి ఉంచింది. మర్నాడు పొద్దున అతను ఆ గుప్పెడు మినుములు తిని, రాజు చేస్తున్న యజ్ఞానికి వెళ్ళాడు. అంటే ఎంగిలిది, రాత్రి గడిచినది, రెండూను. గీత తామసమన్న రెండు లక్షణాలూ ఉన్న తిండి అది. దాన్ని తిన్న మనిషే యజ్ఞశాలలో ఋత్విజుల్ని నిలదీశాడు, మీరు గానం చేసే సామభాగాలకు దేవత ఎవరో తెలుసా అని. వాళ్ళు తెల్లబోతే రాజు కోరిక మీద తానే చెప్పాడు. ప్రస్తావానికి దేవత ప్రాణం, ఉద్గీథానికి ఆదిత్యుడు, ప్రతిహారానికి అన్నం. మావటివాడి విస్తట్లోని మినుములతో ప్రాణం నిలుపుకున్నవాడు అన్నాన్ని దేవతగా చూపించాడు.

ఉషస్తి నియమాన్ని వదిలేశాడనడం తప్పు. ప్రాణం మీదికొచ్చినంత మేరకే సడలించాడు, నీళ్ళ దగ్గర మళ్ళీ పట్టుకున్నాడు. లేమిలో ఉన్నవాడు దేన్ని సడలించుకోవచ్చో, ఎక్కడ ఆగాలో ఇంతకన్నా స్పష్టంగా చెప్పిన కథ మన గ్రంథాల్లో అరుదు.

ఒంట్లో శక్తి లేని స్థితి సంగతీ ఆ ఉపనిషత్తుకు తెలుసు. ఆరో అధ్యాయంలో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతును పదిహేను రోజులు అన్నం మానెయ్యమంటాడు, నీళ్ళు మాత్రం తాగమంటాడు. పదహారో రోజు వేదం చెప్పమంటే శ్వేతకేతుకు ఒక్క మంత్రమూ గుర్తురాదు. తిని వచ్చాక అన్నీ గుర్తొస్తాయి. మనస్సు అన్నమయమని తండ్రి అప్పుడు బోధిస్తాడు. కోనసీమకు ఇంకా దగ్గరి కథ వ్యాసుడిది. కాశీలో భిక్ష దొరక్క, ఆకలికి తాళలేక ఆ నగరాన్నే శపించబోయాడు. అన్నపూర్ణ సాధారణ గృహిణిలా వచ్చి అన్నం పెట్టింది, శివుడు కాశీ విడిచి పొమ్మన్నాడు. శ్రీనాథుడి భీమేశ్వర పురాణంలో ఆ వ్యాసుడు వచ్చి చేరేది ద్రాక్షారామానికే. వేదాల్ని విభజించినవాడే ఆకలి ముందు మాట తూలినప్పుడు, ఖాళీ కడుపుతో ఉన్నవాణ్ణి ఓర్పు లేదని తప్పుపట్టడం అన్యాయం.

ఇక దేవుడి ముందు పెట్టే పళ్ళెం సంగతి. లేనివాడు నైవేద్యంగా ఏం పెట్టగలడు? రామాయణం అయోధ్యాకాండలో దశరథుడి మరణవార్త విన్న రాముడు మందాకిని ఒడ్డున గారపిండిలో రేగుపళ్ళు కలిపి తండ్రికి పిండం పెడతాడు. మేం తినేది ఇదే, మనిషి ఏది తింటే అతని దేవతలకూ అదే ఆహారమంటాడు. చక్రవర్తికి కొడుకు పెట్టగలిగింది అడవి గింజల పిండి. పితృదేవతలకు అది తక్కువ కాలేదు.

తెలుగువాళ్ళ పండగలే దీనికి నిత్య సాక్ష్యం. శ్రీరామనవమికి వడపప్పు, పానకం. నాగులచవితికి చలిమిడి, చిమ్మిలి, ఆవుపాలు. మామూలు రోజుల్లో అరటిపండు, కొబ్బరిచిప్ప, బెల్లం ముక్క. వడపప్పంటే నానబెట్టిన పెసరపప్పు, పానకమంటే నీళ్ళు, బెల్లం, మిరియాలు. పొయ్యి ముట్టించకుండా, కాసేపట్లో, నాలుగు రూపాయలతో అయ్యే నైవేద్యాలివి. పులిహోర, చక్రపొంగలి చేయగలిగినవాళ్ళు చేస్తారు. చేయలేనివాళ్ళ పూజ వెలితిపడకుండా సంప్రదాయమే దారి వేసి ఉంచింది.

అయితే ఇంటి భోజనం దగ్గరికి వచ్చేసరికి ఈ ఉదారత మాయమవుతుంది. పప్పు, కూర, పులుసు, పచ్చడి, పెరుగు అన్నీ ఉంటేనే భోజనమనే పట్టింపు చాలా ఇళ్ళలో ఉంది. జ్వరంతో లేచిన తల్లి, పొలంపని చేసొచ్చిన భార్య, ఒంటరిగా ఉంటున్న ముసలామె ఆ పట్టింపుకు లోబడి పొయ్యి దగ్గర నిలబడతారు. లేదా తనొక్కదానికి వండుకోవడమెందుకని పస్తుంటారు. ధర్మానికి నిజంగా విరుద్ధమైనది ఆ పస్తు. అన్నాన్ని నిందించకు, కాదనకు అని తైత్తిరీయ భృగువల్లి వ్రతంగా విధించింది. చారన్నాన్ని చిన్నచూపు చూసి కడుపు మాడ్చుకోవడం ఆ వ్రతానికి భంగమే.

డబ్బు లేకపోవడం వేరు, ఓపిక లేకపోవడం వేరు. రెంటికీ ఒకే వంట పనికిరాదు. అరటిపువ్వు, అరటిదూట కోనసీమలో దాదాపు ఖర్చు లేకుండా దొరుకుతాయి. కానీ పువ్వులో ప్రతి రెమ్మ నుంచీ గట్టి కాడ ఏరాలి. దూట చక్రాలుగా తరుగుతూ పీచు తీసి, నల్లబడకుండా మజ్జిగనీళ్ళలో వెయ్యాలి. ఆవ పెట్టి వండితే అమోఘంగా ఉంటుంది గానీ, అది చేతిలో డబ్బు లేకపోయినా ఒంట్లో సత్తువ ఉన్న రోజు వంట. సత్తువే లేని రోజుకు ఉప్పుడుపిండి ఉంది. తాలింపులో గ్లాసు బియ్యపురవ్వకు రెండు గ్లాసుల నీళ్ళు పోసి, గుప్పెడు పెసరపప్పు, జీలకర్ర, ఉంటే కొబ్బరికోరు వేసి మగ్గనిస్తే చాలు. ఒంటిపొద్దు ఉండేవాళ్ళు రాత్రి ఫలహారంగా తినేది ఇదే కాబట్టి, దీనికి పవిత్రత లేదని ఎవరూ అనలేరు. మిగిలిన మినపపిండి మూకుట్లో పోసి మూతపెట్టి వదిలేస్తే దిబ్బరొట్టె. చింతపండు పిసికి ఉల్లిపాయ ముక్కలేస్తే పచ్చిపులుసు. డబ్బాలో కందిపొడి ఉంటే వేడన్నంలో నూనెచుక్క వేసుకుని తినొచ్చు. ఆ పొడిలో పప్పు బలం కూడా ఉంది. బాగున్న రోజు కొట్టి పెట్టుకున్న పొడి బాగోలేని రోజుకు అక్కరకొస్తుంది.

ఇక్కడొక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయకూడదు. చద్దన్నాన్ని పొగడటం పేదవాణ్ణి ఉన్నదానితో సరిపెట్టుకోమనడం కాదా? రామాయణమే దీనికి జవాబిచ్చింది. రాముడు పెట్టిన గారపిండి పిండాన్ని దర్భల మీద చూసి కౌసల్య గుండె పగిలి ఏడ్చింది. భూమినేలిన రాజుకు ఈ తిండా అని. పితృదేవతలు ఆ పిండాన్ని అందుకున్నారు, అయినా తల్లి దుఃఖం తప్పు కాదు. పేద పళ్ళేన్ని గౌరవించడం, ఆ పేదరికాన్ని చూసి బాధపడటం రెండూ ధర్మమే. అన్నాన్ని నిందించకన్న భృగువల్లే వెంటనే అన్నాన్ని విస్తారంగా పండించమంటుంది, ఇంటికి వచ్చినవాణ్ణి కాదనవద్దంటుంది.

ఆ మాటను కోనసీమలో ఒక స్త్రీ అక్షరాలా ఆచరించింది. డొక్కా సీతమ్మ 1841లో మండపేటలో పుట్టింది. 1832-33 నాటి నందన కరువు తీరాన్ని పీడించి అప్పటికి పదేళ్ళు కాలేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాకు నీళ్ళొచ్చి గాదెలు నిండాయి. ఆ గాదెల్లో ఒకదాన్ని ఆమె వచ్చినవాళ్ళందరికీ తెరిచింది. భర్త జోగన్నతో లంకల గన్నవరంలో కాపురముంటూ, ఏటి రేవులు దాటి వచ్చే బాటసారులకు వేళ చూడకుండా, కులం అడగకుండా అన్నం పెట్టింది. అంతర్వేది తీర్థానికి బయల్దేరిన ఆమె, సీతమ్మగారింటికి చేరితే అన్నం దొరుకుతుందని దారిలో ఎవరో అనుకోవడం విని, యాత్ర మానుకుని వెనక్కి తిరిగిందని కోనసీమలో చెప్పుకుంటారు. నరసింహస్వామి దర్శనానికీ ఆకలిగొన్నవాడి ముద్దకూ మధ్య ఆమె ఎంచుకున్నది ముద్దను. 1909లో కన్నుమూసే దాకా ఆమె ఇంట పొయ్యి ఆరలేదంటారు.

పి.గన్నవరం అక్విడక్టుకు ఆమె పేరుంది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడుల్లో మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టింది. అదే ఏడాది ఆగస్టు 15న, 2018లో మొదలై 2019లో ఆగిపోయిన అన్న క్యాంటీన్లు మళ్ళీ తెరుచుకున్నాయి. అక్కడ పూట భోజనం 5 రూపాయలు. ఆ 5 రూపాయల టోకెన్ పట్టుకుని వరుసలో నిలబడ్డవాణ్ణి చులకనగా చూసేవాళ్ళు ఉషస్తిని గుర్తుచేసుకోవాలి. అతను చెయ్యి చాచింది మావటివాడి విస్తరి వైపు, మర్నాడు కూర్చున్నది యజ్ఞశాలలో.

అందుచేత చద్దిమూటకు తమోగుణం అంటగట్టడం శాస్త్రసమ్మతం కాదు. జేబు ఖాళీ అయినప్పుడో ఒళ్ళు సహకరించనప్పుడో పచ్చిపులుసుతో, కందిపొడితో, చద్దన్నంతో పూట గడుపుకునేవాళ్ళు తమ ఇంటి దేవుడి ముందు సిగ్గుపడనక్కరలేదు. ఆ అన్నాన్నే కళ్ళకద్దుకుని తినండి. ఓపిక ఉన్న రోజు గుప్పెడు పప్పో ఆకుకూరో చేర్చుకోండి, బలానికి అదీ కావాలి. ఇంట్లో వండే మనిషి నీరసంగా ఉంటే కూరెందుకు లేదని అడగకుండా, ఆ పూట పొయ్యి దగ్గరికి మీరు వెళ్ళండి. పక్కింట్లో ఒంటరిగా ఉన్న పెద్దావిడ రెండు రోజులుగా వండుకోవట్లేదని తెలిస్తే, తిన్నారా అని అడిగి ఊరుకోకండి, గిన్నెతో అన్నం పట్టుకెళ్ళండి.