బాకీ ఉన్నవాడి దానం

2024 ఫిబ్రవరి 14న అబుధాబిలో బీఏపీఎస్ స్వామినారాయణ మందిరం తెరుచుకుంది. 27 ఎకరాల నేలను అక్కడి పాలకులు ఉచితంగా ఇచ్చారు. ఏడు ఎమిరేట్లకు గుర్తుగా ఏడు శిఖరాలు కట్టారు. 2019ని సహన సంవత్సరంగా జరిపి, ఆ ఏడే పోప్ ఫ్రాన్సిస్‌ను పిలిపించుకున్న దేశమది. సైన్యంతోనో సొమ్ముతోనో కాక ఆకర్షణతో ఎదుటివారిని తనవైపు తిప్పుకోవడాన్ని రాజనీతి శాస్త్రవేత్త జోసెఫ్ నై మృదుశక్తి అన్నాడు. పరాయి మతానికి చేసిన ఇలాంటి దానం ధర్మమా, ప్రచారమా? తిరిగి ఏమీ కోరనిది సాత్విక దానమనీ, ఫలం చూసుకుని ఇచ్చేది రాజసమనీ గీత పదిహేడో అధ్యాయం విడదీసింది. ఆ కొలతకు ఏ రాజ్యమూ నిలవదు, యోగా దినోత్సవం జరిపించే మనదీ నిలవదు. కాబట్టి ఉద్దేశం సంగతి పక్కనపెట్టి, ఇచ్చినవాడు తన బాకీలు తీర్చాడా అని అడగాలి.

ఆ ప్రశ్న గల్ఫ్‌కు కూలీలను పంపే తెలంగాణ ఊళ్లు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల నుంచి అడగాల్సినది. ఇక్కడి నుంచి పోయిన కూలికి వీసా కఫీల్, అంటే పూచీ పడిన యజమాని, చేతిలో ఉంటుంది. జీతం ఆగి కంపెనీ వదిలి బయటపడితే వాడు ఖల్లివెల్లి, అంటే కాగితాలు లేనివాడు. ఇక చట్టం ముందు వెతికేది వాణ్నే, జీతం ఎగ్గొట్టినవాణ్ని కాదు. ఇంటి దగ్గర ఏజెంటు కోసం తెచ్చిన అప్పుకు మిత్తి పెరుగుతూనే ఉంటుంది. 2018లో, మళ్లీ 2024లో ఆ దేశం క్షమాభిక్ష ప్రకటించినప్పుడు ఇలాంటివాళ్లకు జరిమానా మాఫీ అయింది. రావాల్సిన జీతం మాత్రం అందులో లెక్కకు రాదు. బాకీ పడ్డవాడే క్షమించేవాడయ్యాడన్నమాట! చెమట ఆరకముందే కూలి ఇమ్మనేది ఇస్లాం సంప్రదాయమే కనుక ఇది బయటినుంచి తెచ్చిన కొలత కూడా కాదు.

ఎగ్గొట్టింది కంపెనీ, నేలిచ్చింది రాజ్యం, రెంటినీ ముడిపెట్టడమెందుకు అనవచ్చు. కానీ కూలిని కఫీల్‌కు కట్టేసిన చట్టం రాజ్యానిదే. జీతాలు బ్యాంకుల ద్వారా చెల్లించాలన్న పద్ధతిని 2009లో తెచ్చిందీ అదే. తలచుకుంటే చేయగలదు. బోర్లెండినప్పుడు, మగ్గాలాగినప్పుడు మన ఇళ్లను నిలబెట్టింది గల్ఫే కదా అనేవాళ్లదీ నిజమే. అయితే అది కష్టానికొచ్చిన పైస, ఎవరి దయా కాదు. మనవైపూ లోటుంది. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు 5 లక్షల సాయం తెలంగాణ ప్రభుత్వం 2024లో ప్రకటించింది, మంచిదే. బతికున్నవాడి ఆగిన జీతం వసూలు కావాలంటే మాత్రం ఢిల్లీ మాట్లాడాలి. మందిరం తెరిచిన రోజు అక్కడే ఉన్న మన ప్రధానికి ఆ లెక్క అడగడానికి అంతకంటే మంచి అదను దొరికేది కాదు.