తినువారెవరు? తినిపించువారెవరు?

ధ్యానభాగము: 1 కొరింథీయులకు 12:14–26



మన ప్రత్తిపాడు ప్రాంతపు ఇండ్లలో అప్పుడప్పుడు వినబడు మాట యొకటి కలదు. "మేము మిరపచేలలో ఎండకు మాడుచున్నాము, ముసలమ్మ కూర్చుండి తినుచున్నది." కొందరు దీనిని నోటితో అనరు, అన్నము వడ్డించు తీరులో అందురు. పుచ్చుకొనుటే గాని ఇయ్యలేనివారికి మన మధ్య స్థానమేమి? ఈ ప్రశ్నను విచారించుటకు ముందు, మన చేనిలోని ప్రత్తి ఆకును కొంచెము చూతము.

ఆకులో కంటికి కనబడనంత చిన్న గదులు కలవు. వాటిని కణములందురు. ఒక్కొక్క పచ్చని కణములో రెండు విధములైన పనివారున్నారు. మొదటివి హరితరేణువులు. ఇవి సూర్యుని వెలుగును పట్టి, నీటితోను గాలిలోని బొగ్గుపులుసు వాయువుతోను చక్కెర చేయును. ఆకు పచ్చదనము వీటిదే. రెండవవి మైటోకాండ్రియా అనునవి. ఇవి ఆ ఆహారమును ప్రాణవాయువుతో దహింపజేసి కణమునకు శక్తి నిచ్చును. మన దేహములో రెండవవి కలవు గాని మొదటివి లేవు. అందుచేతనే మనము పచ్చని మొక్కలపై ఆధారపడి బ్రదుకుచున్నాము. కాబట్టి ఒకటి వండునది, మరియొకటి తినునది అని పైకి తోచును. పట్టపగలు వెలుగునుండియే శక్తి దొరకుచుండగా ఆకునకు ఈ తినువారితో పనియేమి అను ప్రశ్న సహజముగా పుట్టును.

తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయములో చదివి, హైదరాబాదు విశ్వవిద్యాలయములో ఆచార్యులైన ఎ. ఎస్. రాఘవేంద్రగారు తమ శిష్యులతో కలిసి ఈ సంగతిని పరీక్షించిరి. బఠాణీ ఆకుల కణములను వేరుచేసి, కొన్ని రసాయనములతో మైటోకాండ్రియా పనిని మందగింపజేసి, వాటిని తీవ్రమైన వెలుగులో నుంచిరి. 1992లో వారు ప్రకటించిన ఫలితమిది: మైటోకాండ్రియా పని కుంటుపడినప్పుడు, ఆ వెలుగే హరితరేణువుల పనిని మరి ఎక్కువగా చెరిపెను. మితిమించిన వెలుగు వాటికి భారము. ఆ భారమును దించుటలో మైటోకాండ్రియాకు పాలు కలదు. తినునది అనుకొన్నదే వండుదానిని కాపాడుచున్నది! 2017 అక్టోబరు 30 నుండి నవంబరు 4 వరకు, మొక్కలు వెలుగుతో ఆహారము చేసికొను విధమును గూర్చి హైదరాబాదులో అంతర్జాతీయ సభ జరిగెను. అందు గౌరవింపబడిన ముగ్గురు శాస్త్రజ్ఞులలో రాఘవేంద్రగారు ఒకరు. విదేశములలో ఈ రెండు రేణువులను కలిపి ఒక్కచోట విచారించుటకే ప్రత్యేక సభలు జరుగుచుండును.

దీనివలన మొదట నేర్చుకొనునదేమనగా, మన లెక్కలు తరచు తప్పు. ముసలమ్మ ఇంట చంటిబిడ్డను చూచుచున్నందుననే గదా కోడలు ప్రత్తితీతకు పోగలుగుచున్నది! కూలి డబ్బు కోడలి చేతికి వచ్చును, అందులో ముసలమ్మ పాలు ఎవరికిని కనబడదు.

అయితే ఇంతటితో ఆగినయెడల అపాయము కలదు. బిడ్డను చూచినందుకే ఆమెను గౌరవించితిమా, ఆమె మంచము పట్టి, కన్నకొడుకును కూడ గుర్తుపట్టలేని దినమున ఏమి చేయుదుము? ఈ ప్రశ్నకు ఆకు జవాబు చెప్పజాలదు. ముదిరిన ఆకులోని సారమును మొక్క వెనుకకు తీసికొని, ఆకును రాల్చివేయును. అది మొక్క ధర్మము. మనుష్యుడు ఆకు కాడు.

పని చేయనివాడు తినకూడదని పౌలే వ్రాసెను గదా అని కొందరందురు. 2 థెస్సలొనీకయులకు 3:10 జాగ్రత్తగా చదువుడి. ఆ మాట పని చేయుటకు ఇష్టములేని వానిని గూర్చినది గాని, చేయలేని వానిని గూర్చినది కాదు. అదే పౌలు కొరింథు సంఘమునకు వ్రాయుచు, బలహీనముగా కనబడు అవయవములు అవసరమైనవే అని చెప్పి, అక్కడ ఆగలేదు. తక్కువదానికే దేవుడు ఎక్కువ ఘనత కలుగజేసెనని చెప్పెను. ఆ ఘనత వారు చేసిన పనికి కూలి కాదు, దేవుడు ఇచ్చినది.

సిలువ యొద్దకు రండి. యోహాను సువార్త 19వ అధ్యాయములో మన ప్రభువు చేతులు మేకులతో కొట్టబడి యున్నవి, అవి ఇక ఏ పనియు చేయజాలవు. జీవజలమిచ్చువాడే దప్పిగొని, ఇతరుల చేతినుండి పుచ్చుకొనవలసినవాడాయెను. ఆ గడియలో ఆయన విలువ తగ్గెనా? ఆ గడియలోనే గదా మనలను విమోచించెను! ఆ బాధలోనే తన తల్లి ఎవరి యింట ఉండవలెనో కూడ ఆయన ఏర్పాటు చేసెను.

ప్రియులారా, నేడు తినిపించు మనమందరము ఒక దినమున ఇతరుల చేతి ముద్దకై కనిపెట్టవలసినవారమే. మన పిల్లలు ఇప్పుడు మన చేతులను చూచి నేర్చుకొనుచున్నారు. లెక్క చూడక వడ్డించు మనస్సును ప్రభువు మన గృహములకు దయచేయును గాక. ఆమేన్.