ఒలీవ తోటలో శుక్రవారం పూజ

బెత్లెహేమును ఆనుకునే బేత్ జాలా అనే ఊరుంది. అక్కడి క్రైస్తవులు 2011 నుంచి ఏళ్లతరబడి ప్రతి శుక్రవారం క్రెమిసాన్ లోయకు నడిచివెళ్లి, ఒలీవ చెట్ల కింద బల్ల వేసి దివ్యబలిపూజ జరుపుకున్నారు. 2002లో ఇజ్రాయెల్ వెస్ట్‌బ్యాంకులో కట్టడం మొదలుపెట్టిన గోడ అప్పట్లో ఆ లోయకూ రావాల్సి ఉండింది. అది లేస్తే 58 కుటుంబాలకు తాతలనాటి తోటలు గోడ అవతల ఉండిపోతాయన్న పరిస్థితి. ఊరివాళ్లు కోర్టుకూ వెళ్లారు, దేవుడి దగ్గరికీ వెళ్లారు.

2015 ఏప్రిల్‌లో ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు తీర్పు వారికి ఊరటనిచ్చింది. అయినా అదే ఏడాది ఆగస్టులో బుల్డోజర్లు వచ్చి ఒలీవ చెట్లను పెకలించాయి.

మరి అన్నేళ్ల ప్రార్థన వృథాయేనా? కాదనే నా నమ్మకం. ఇంకా ఎన్నాళ్లని దేవుణ్ణే నిలదీసిన భక్తుల మొర కీర్తనల గ్రంథం నిండా ఉంది. గాయం మానకముందే అంతా క్షేమమని పలికిన ప్రవక్తలను యిర్మీయా క్షమించలేదు. శాంతి ఇవ్వు ప్రభువా అనడానికి ఎవరికీ కష్టం లేదు. న్యాయం అడగాలంటే మాత్రం ఎవరి పొలం పోయిందో, ఎవరు తీసుకున్నారో దేవుడి ముందు చెప్పుకోవాలి. అందుకే చాలా చోట్ల మన ప్రార్థన మొదటి మాట దగ్గరే ఆగిపోతుంది.

పాలస్తీనా క్రైస్తవ పెద్దలు అక్కడ ఆగలేదు. 2009 డిసెంబరులో వెలువరించిన ‘కైరోస్ పాలస్తీనా’ ప్రకటనలో ఆక్రమణ దేవుడి పట్లా మనుషుల పట్లా పాపమని తేల్చిచెప్పారు. శత్రువు ముఖంలోనూ దేవుడి పోలికను చూడాలనీ, అయినా అతను చేసే చెడుకు తలవంచకూడదనీ, ప్రేమతోనే ఎదిరించాలనీ అదే ప్రకటనలో రాశారు. భూమి పోగొట్టుకున్నవాళ్లు ఈ మాట అనడానికి ఎంత విశ్వాసం కావాలి!

2023 అక్టోబరు 7 నాటి హమాస్ దాడి, ఆ తర్వాత గాజాపై యుద్ధం. పోప్ ఫ్రాన్సిస్ బందీల విడుదల కోసమూ, కాల్పుల విరమణ కోసమూ కలిపే ప్రార్థించారు. 2025 ఏప్రిల్‌లో కన్నుమూసేదాకా దాదాపు ప్రతి సాయంత్రం గాజాలోని హోలీ ఫ్యామిలీ చర్చికి ఫోన్ చేసి, ఏం తిన్నారు, ఎలా ఉన్నారని అడిగేవారు. ఆ జులై 17న అదే చర్చి మీద ఇజ్రాయెల్ ఫిరంగి గుండు పడి ముగ్గురు చనిపోయారు. గురితప్పి పడిందని సైన్యం చెప్పింది.

తెలుగు రాష్ట్రాల నుంచి ఎందరో పవిత్రభూమి యాత్రకు వెళతారు. యెరూషలేము నుంచి బెత్లెహేముకు వెళ్లే బస్సు ఆ గోడను దాటుకునే వెళుతుంది. ప్రభువు పుట్టిన చోట మోకరించే మనవాళ్లు, ఆ ఊళ్లో ఇంకా మిగిలిన క్రైస్తవ కుటుంబాలతో ఒక్క ఆరాధనలోనైనా కూర్చుంటే ఎంత బాగుంటుంది! యెరూషలేము క్షేమం కోసం ఆదివారం మన సంఘాల్లో చేసే ప్రార్థనలో బేత్ జాలా రైతునూ, గాజా పిల్లలనూ, బందీ అయిన కొడుకు కోసం ఏడ్చిన ఇజ్రాయెల్ తల్లినీ తలుచుకుందాం.